గేట్ల దారి

అక్టోబర్ 6, సోమవారం

నా వాటా వంతెనల తనిఖీ అయిపోయింది. గోరేబాళ దగ్గర మొదలుపెట్టి బాళగనూరు, జవళగేర దాకా కాలువల మీదా వాగుల మీదా ఉన్నవన్నీ చూసి, ఫొటోలు తీసి, టాబ్‌లో మార్కులు వేసి పంపేశాను. ఎండకి ముఖం మాడిపోయింది. ఇంజనీరింగ్ చదివిస్తే పిల్ల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటుందనుకున్న అమ్మ నన్నిప్పుడు చూస్తే ఏడుస్తుంది.

టాబ్‌లో ప్రతి వంతెనకీ ఐదు గళ్లు. చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు, ప్రమాదం. కిందటేడు వరకూ ఈ గొడవ లేదు. పడిపోతే కట్టేవాళ్లం, పడకపోతే దాని ఊసే ఎత్తేవాళ్లం కాదు. ఇప్పుడు రోడ్డయినా వంతెనయినా ప్రభుత్వానికి ఆస్తి అట, ఆ ఆస్తి ఆరోగ్యం ఏటా కొలవాలట. మంచిదే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా ఉండటానికే కదా. శిక్షణలో ముందు వరసలో కూర్చుని నేనే గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆఖరున చూసింది మా ఊరి వంతెన, మా క్యాంపు వంతెన. మా తాతలు కోస్తా నుంచి వచ్చి తుప్పలు కొట్టి మళ్లు చేసిన రోజుల్లో, కాలువతో పాటే కట్టింది. రాతి స్తంభాల మధ్య నీళ్లు పోయే మూడు కానాలు. నేను వెళ్లేసరికి నాన్న మజ్జిగ చెంబుతో అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. "ఎండగా ఉంది, కాసిని తాగమ్మా" అన్నాడు, అంతే. అదే నా చిరాకు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని.

'బాగాలేదు' అని రాస్తే బరువు బళ్లు బంద్. కోతలు వచ్చే నెలలో. కోత మిషన్లూ ధాన్యం లారీలూ కాలువ నీళ్లు వదిలే గేట్ల దగ్గరి పెద్ద వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. అంత చుట్టు తిరిగి మా క్యాంపు ధాన్యం కోసం ఏ మిల్లు లారీ వస్తుంది?

పిట్టగోడ కొసన కన్ను ఆనించి చూశాను. రెండో స్తంభం పైన గోడ గీత కొంచెం కిందికి వంగింది. ఒక పగులు కూడా ఉంది. ముసలి వంతెన, నడుం కాస్త వంగదా? కాలువ నిండా నీళ్లు, స్తంభం అడుగు కనపడదు. కనపడనిదాన్ని బాగాలేదని ఎలా రాస్తాను? కాకిపిల్ల కాకికి ముద్దు అంటారేమో. అననీ.

ఫర్వాలేదు.

అక్టోబర్ 7

నీళ్లు నిండుగా ఉంటే అడుగు ఎవరికి మాత్రం కనపడుతుంది?

అక్టోబర్ 9

కొలత టేపు వంతెన దగ్గర మర్చిపోయాననిపించి వెళ్లాను. టేపు బండి డిక్కీలోనే ఉంది. ఎలాగూ వెళ్లాను కాబట్టి పిట్టగోడ పగులు మీద అడ్డంగా ఒక ప్లాస్టర్ పట్టీ వేసి వచ్చాను. పగులు కదిలితే పట్టీ విరుగుతుంది, కదలకపోతే అలాగే ఉంటుంది. చిన్నపిల్లలు కూడా చెయ్యగల పరీక్ష. ప్లాస్టర్ నా సంచిలో ఎందుకుందంటే, ఉంది.

అక్టోబర్ 14, మంగళవారం

రాయచూరులో మీటింగు. గోడ మీద జిల్లా పటం, వంతెనలకి రంగు చుక్కలు. మా వైపంతా పసుపు. పసుపంటే ఫర్వాలేదు. ఎర్ర చుక్క ఒక్కటి కూడా లేదు. పక్క తాలూకా ఇంజనీరుకి పాపం కొన్ని ఎర్రచుక్కలు పడ్డాయి. అందరి ముందూ నిలబెట్టి, మీ పనితీరు ఇలా ఉందేమిటని అడిగారు. 'ఫర్వాలేదు', ఆ పైన ఎన్ని వంతెనలుంటే ఆఫీసుకి అన్ని మార్కులట. కొలుస్తున్నది వంతెనలనా మమ్మల్నా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

టీ దగ్గర మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు శరణబసవ సార్ నవ్వుకుంటూ వచ్చారు. ఆయనది రాయచూరు పాత పట్నం, మాట కూడా పట్నం మాటే.

"మస్తు చేసినవమ్మా శ్రావ్యా. జిల్లాల మనమే ఫస్టు."

"సార్, చాలావాటికి అడుగు చూడలేదు. కాలువలు నిండుగా ఉన్నాయి."

"అందుకే గద ఫర్వాలేదు అని రాసేది! గది ఎంత మంచి మాటనో చూడు. కన్నడల పరవాగిల్ల, ఉర్దూల పర్వా నై, తెలుగుల ఫర్వాలేదు. మూడు జబాన్లల ఒక్కటే మాట. ఎవరికీ తక్లీఫ్ లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజంగానే మంచి మాట. కాలు తొక్కినవాడికి అదే చెప్తాం, జ్వరం ఎలా ఉందంటే అదే చెప్తాం. కూర ఎలా ఉందని అమ్మ అడిగినప్పుడు మాత్రం ఆ మాట చెల్లదు. "బాగుందా లేదా చెప్పవే, ఫర్వాలేదేంటి" అని గరిటె ఎత్తుతుంది.

అక్టోబర్ 16

పట్టీ విరిగింది.

మేక ఎక్కి ఉంటుంది. ఆ పిట్టగోడ మీద మేకలు నడుస్తాయి, నా కళ్లతో చూశాను. ఇంకో పట్టీ వేశాను, ఈసారి కాస్త కిందుగా, మేక కాలు పడనిచోట.

వేస్తుండగా బడి బస్సు వచ్చింది. మా క్యాంపు పిల్లల్ని జవళగేర నుంచి తిరిగి తెచ్చే బస్సు. అన్నయ్య కూతురు నేహ కిటికీలోంచి "అత్తా!" అని అరిచింది. బస్సు దాటుతున్నంతసేపూ నా అరచెయ్యి గోడ మీదే ఉంది. గోడ వణికింది. వంతెనలన్నీ వణుకుతాయి, అది చదువుకున్న విషయమే.

బండి ఇవతలి ఒడ్డునే పెట్టి వంతెన మీదికి నడిచి ఎందుకు వెళ్లానో తెలీదు. నడక ఒంటికి మంచిదే.

అక్టోబర్ 20, దీపావళి

ఇంటికి గేట్ల దారిన వెళ్లాను. అటువైపు కొత్తగా తారు వేశారు, బండి నున్నగా పోతుంది.

నాన్న వాకిట్లో కోత మిషను కడుగుతున్నాడు. "అటునుంచి వచ్చావేంటమ్మా?"

"తారు కొత్తది నాన్నా."

"తారు చూడ్డానికి పండగపూట అంత చుట్టు తిరిగొచ్చావా! ఇంజనీర్ల బుద్ధి!" అని నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వాడు. హేమ వదిన నవ్వలేదు. వదిన మాలాగా కోస్తా నుంచి వచ్చినవాళ్ల పిల్ల కాదు, ఆమె పుట్టిల్లు రాయచూరు పట్నంలో. మా ఇంట్లో అందరూ ఒక్కసారే మాట్లాడతారు, వినేది ఆమె ఒక్కతే. నన్నూ నా బండినీ ఒకసారి చూసి, లోపలికి వెళ్లి బూరెలు తెచ్చింది.

తింటుండగా పక్కింటి జయరామయ్య బాబాయ్ వచ్చాడు. "పక్క తాలూకాలో బ్రిడ్జీల మీద బరువు బళ్లు రాకూడదని బోర్డులు కొట్టేశారంట. ఇక్కడ మనమ్మాయి ఉంది కాబట్టి సరిపోయింది" అన్నాడు.

నాన్నకి కోపం వచ్చింది. "మనమ్మాయని కాదు. అది ఉన్నదున్నట్టు రాసింది. అబద్ధం రాసే పిల్ల కాదు నా కూతురు."

బూరె గొంతుకి అడ్డం పడింది. అమ్మ తల మీద తట్టి నీళ్లిచ్చింది. నన్నెవరో తలుచుకుంటున్నారట.

అక్టోబర్ 22

రెండో పట్టీ కూడా. పిల్లలు పిట్టగోడ మీద టపాకాయలు పేల్చారు, కాగితాలు ఇంకా అక్కడే ఉన్నాయి. అందువల్లే అయి ఉండాలి. మూడోది వెయ్యలేదు. ప్లాస్టర్ అయిపోయింది.

అక్టోబర్ 23

అయిపోలేదు. సంచిలో ఉంది.

అక్టోబర్ 28

సార్‌తో మాట్లాడాను. రెండు పట్టీలు విరిగాయని, వంపు పెరిగినట్టుందని, ఇంకోసారి చూసి గడి మారుస్తానని చెప్పాను.

"ఎంత పెరిగింది?"

"కొలవలేదు సార్. కంటికి అలా ఉంది."

"కంటికి అంటే ఎట్లమ్మా? మొన్న ఫర్వాలేదు అంటివి, ఇప్పుడు ఖరాబ్ అంటున్నవ్. అప్పుడు అబద్ధం రాసిందా, ఇప్పుడు రాస్తున్నదా అని అడుగుతరు పైవాళ్లు. నీ నౌకరీకి మంచిది కాదు. నెలాఖరుకి కాలువ నీళ్లు బంద్ అయితయ్. దిగి చూద్దాం. గప్పటిదాంక ఫికర్ చెయ్యకు."

ఆయన చెడ్డవాడయితే బాగుండేది. నా మంచి కోరే చెప్పారు. నేను సరేనన్నాను. అనగానే ఒళ్లు తేలికైంది కూడా. ఇక ఇది నా ఒక్కదాని సంగతి కాదు, పైవాళ్లకి చెప్పాను, చెప్పాల్సింది చెప్పాను.

నెలాఖరు అంటే నవంబరు నెలాఖరు. కోతలు ఈలోపే.

నవంబర్ 1, శనివారం

కర్ణాటక రాజ్యోత్సవం సెలవు. ఇంటికి వెళ్లలేదు, సింధనూరులో గదిలోనే ఉన్నాను. బట్టలు ఉతికాను. ఆరినవాటిని మళ్లీ ఉతికాను.

నవంబర్ 3

ఆఫీసు నుంచి లెవెల్ మిషను తెచ్చుకున్నాను. స్టాండు వేసి చూస్తే వంతెన ఎంత కుంగిందో అంకెల్లో తేలిపోతుంది. వంతెన దాకా తీసుకెళ్లాను. పెట్టె తెరవలేదు. తెరిస్తే కొలవాలి, కొలిస్తే ఆ అంకె నాకు తెలుస్తుంది. వెలుతురు సరిగ్గా లేదు, మబ్బుగా ఉంది.

తిరిగి ఇస్తుంటే స్టోరులో బీరప్ప "ఏం మేడం, పనయిందా?" అన్నాడు. అయిందన్నాను.

వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ బడి బస్సు ఎదురైంది. తల తిప్పుకున్నాను. కంట్లో దుమ్ము పడుతుందని.

నవంబర్ 5

అమ్మ ఫోను.

"ఏమే, నువ్వు బ్రిడ్జి మీద రావటం లేదంటగా? జయరామయ్య బాబాయ్ అడిగాడు. పాలు పొయ్యడానికెళ్లే వాళ్లు కూడా చూశారంట, బండి అవతల పెట్టి నడుస్తున్నావంట. ఏంటే సంగతి?"

"ఏం లేదమ్మా. గేట్ల దారిలో తారు..."

"తారూ లేదు తాటికాయా లేదు. సరిగ్గా చెప్పు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోను పెట్టగానే బండి తీశాను. సాయంత్రం టీకొట్టు దగ్గర అందరూ కూర్చుని ఉండే వేళ చూసుకుని, హారన్ కొట్టుకుంటూ వంతెన మీదుగా క్యాంపులోకి పోయాను. నడిమధ్యన ఊపిరి బిగబట్టాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా వంతెన మీదుగానే వచ్చాను. ఎవరో చెయ్యి ఊపితే నేనూ ఊపాను.

ఏమీ కాలేదు.

నవంబర్ 6

ఏమీ కాలేదు కదా.

నవంబర్ 8

ఇవాళ మళ్లీ గేట్ల దారినే వెళ్లాను. అటు పని ఉంది.

నవంబర్ 12, బుధవారం

నాన్న ఫోను చేశాడు, గొంతులో హుషారు. రేపే మా కోత మొదలు. ధాన్యం ఎత్తడానికి ఒక రోజు ముందే వచ్చిన మిల్లు లారీ డ్రైవరు వంతెన దగ్గర దిగి, పగులు చూసి, నేను రానన్నాడట. జనం గుమిగూడారట.

"నేనన్నాను గదా, ఒరేయ్, ఇది మా అమ్మాయి తనిఖీ చేసిన బ్రిడ్జి. నీకంత భయమైతే రేపు పొద్దున్నే ముందు నా మిషను దాటుద్ది, దాని మీద నేను కూర్చుంటా. అది చూసి నువ్వు లోపలికి రా అన్నా. నోరు మూశాడు. నువ్వు కూడా రామ్మా, కొబ్బరికాయ నీ చేత కొట్టిద్దాం."

"నాన్నా, కాలువ నీళ్లు తగ్గేదాకా ఆగకూడదా?"

"వరి ఆగుద్దా? కంకి రాలిపోదూ? ఏం, నీకేమన్నా అనుమానమా?"

ఆ ప్రశ్నకి ఉన్నవి రెండే జవాబులు. నేను మూడోది చెప్పాను.

నవంబర్ 13, గురువారం

సింధనూరులో బయలుదేరేటప్పుడు కూడా కొబ్బరికాయ కొట్టడానికే వెళ్తున్నాననుకున్నాను. దారిలో కాయ కొన్నాను కూడా. పీచు తీయించి, బాగా మోగుతుందో లేదో ఆడించి చూసి మరీ కొన్నాను.

వంతెన ఇవతలి కొసన మిల్లు లారీ ఆగి ఉంది. డ్రైవరు దిగి, బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. అవతలి ఒడ్డున మా మిషను వస్తోంది. దాని మీద నాన్న, తలకి తువ్వాలు చుట్టుకుని, పెళ్లికొడుకులా నిటారుగా కూర్చున్నాడు. మిషను వెనకే బడి బస్సు, దారి ఇవ్వమని హారన్ కొడుతోంది.

బండి అక్కడే పడేసి పరుగెత్తాను. వంతెన పొడుగునా, రెండు చేతులూ ఎత్తి, అరుచుకుంటూ. కొబ్బరికాయ ఎక్కడ పడిందో తెలీదు. మిషను ముందు చక్రాలు వంతెన మొదట్లోకి వచ్చేశాయి. మిషను డ్రైవరు బ్రేకు వేశాడు. ఇంజను మోతలో నా మాట నాన్నకి వినపడలేదు, ముఖం మాత్రం కనపడినట్టుంది. ఇంజను ఆపించాడు.

"ఏంటమ్మా?"

"దిగు నాన్నా. ఇది దాటకూడదు."

"ఫర్వాలేదని రాసింది నువ్వేగా."

"నేనే రాశాను."

"నిన్న ఫోన్లో కూడా అదే మాట అన్నావు."

"అన్నాను. దిగు నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటా."

జనం వచ్చేశారు. జయరామయ్య బాబాయ్ అందరికన్నా ముందు. "ఇదేం చోద్యం అమ్మాయ్? పంట కోతకొచ్చాకా చెప్పేది? ఆ రోజు చూసినప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?"

నాన్న ఆయన వైపు తిరిగాడు. "మా అమ్మాయిని ఏమీ అనొద్దు జయరామయ్యా." ఆ మాటకన్నా నన్ను చెంప మీద కొట్టినా బాగుండేది.

వాళ్లందరూ చూస్తుండగా భుజాన ఉన్న సంచిలోంచి టాబ్ తీసి పిట్టగోడ మీద పెట్టి, మా క్యాంపు వంతెన తెరిచి, ఆఖరి గడి నొక్కాను. బాగాలేదు కూడా కాదు, ప్రమాదం. అది నొక్కితే కారణం అడుగుతుంది. 'రెండో స్తంభం కుంగుతోంది' అని రాశాను. ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఇన్ని రోజులూ ఆ వాక్యం నోట్లో పెట్టుకునే తిరిగాను. తర్వాత సార్‌కి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. చివరికి "బంద్ చెయ్. డ్రమ్ములు పెట్టనీకి మనుషులను పంపుత. తక్కిన మాట మళ్ల మాట్లాడుదాం" అన్నారు. తక్కిన మాట ఏమిటో నాకు తెలుసు.

కాలువ గట్టు ఇరుకు. మిషను వెనక్కి పోవాలంటే ముందు బస్సు వెనక్కి పోవాలి. నాన్న దిగి, తువ్వాలు విప్పి ఊపుతూ, రా, రా, ఆపు అంటూ దగ్గరుండి నడిపించాడు. మా క్యాంపులో మొట్టమొదట కోత మిషను కొన్న మనిషి, ఊరంతా చూస్తుండగా దాన్ని వెనక్కి నడిపించుకుంటూ వెళ్లాడు. నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్కడే, అందరి ముందూ ఏడ్చాను.

బస్సు వెనక్కి పోతుంటే కళ్లు తుడుచుకుని కిటికీలన్నీ వెతికాను. పిల్లలు చేతులు ఊపారు, బడి లేదనుకున్నారేమో. నేహ లేదు.

ఇంటికి నడిచి వెళ్లాను. నాన్న దొడ్లో మిషను దగ్గరే ఉండిపోయాడు. అన్నయ్య బయటికి పోయాడు. అమ్మ నా ముందు కంచం పెట్టి అవతలికి వెళ్లింది. వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పాపకి జ్వరమేమోనని అక్కడికి వెళ్లి అడిగాను.

"జ్వరమేం లేదు. బడికి పోయింది. నేనే స్కూటీ మీద దింపొచ్చిన."

"బస్సులో పంపలేదా?"

"దీపావళి అయినకాడికెల్లి బస్సు ఎక్కిస్తలేను. గేట్ల దిక్కుకెల్లి నేనే తీసుకపోతున్న."

"ఎందుకు వదినా?"

తడి చీర దులిపి తీగ మీద వేసింది. అంచులు సరిచేసింది. "నువ్వు గా దారినే వస్తివి గద."

బకెట్లో ఇంకా నేహ గౌన్లు ఉన్నాయి. ఒకటి తీసి పిండబోయాను. అప్పుడు అడిగాను, నోరెలా వచ్చిందో నాకు, "మరి మిగతా పిల్లల సంగతి?" అని.

వదిన నా చేతిలోంచి గౌను తీసుకుంది.

"వాళ్ల అమ్మలకు నువ్వు చెప్తవ్ అనుకున్న" అంది. "రోజూ పొద్దుగాల అనుకుంటుంటి, ఇయాల చెప్తదేమో అని."